కోతులు చావాల్సిన పద్ధతి

కర్ణాటకలోని శివమొగ్గ, ఉత్తర కన్నడ అడవుల కొండముచ్చులకూ కోతులకూ బహిరంగ విజ్ఞప్తి. చావు విషయంలో మీరు ఇకనైనా క్రమశిక్షణ పాటించాలి.

1957లో సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో చెప్పాపెట్టకుండా రాలిపోయారు. వెనకే జనానికి జ్వరాలు. ఎల్లో ఫీవరు ఆసియాలో అడుగుపెట్టిందేమోనని పుణె వైరస్ పరిశోధకులు అనుమానించారు. తీరా చూస్తే అది కొత్త వైరస్. శాస్త్రజ్ఞులు దానికి ఆ అడవి పేరే పెట్టారు, జబ్బు పేరూ క్యాసనూరు అడవి జబ్బే. ఊళ్లో మాత్రం కన్నడంలో 'మంగన కాయిలె', అంటే కోతి జబ్బు. చచ్చినవాడి మీదే కేసు పెట్టడం మనకు కొత్తేం కాదు.

నిజానికి ఆ వైరస్‌ను మోసేది పిడుదు. మీ ఒళ్లు చల్లబడగానే అవి కింది ఆకుల్లోకి దిగి, తర్వాత వచ్చే కాలి కోసం కాచుకుంటాయి. కాబట్టి చావదలిస్తే పనిదినాల్లో, పొద్దుటిపూట, జీపు వెళ్లే దారి పక్కన చావండి. కుళ్లిన కళేబరం పరీక్షకు పనికిరాదు. కబురు ఆలస్యమైతే, మలాథియాన్ పొడి చల్లేలోపే ఆ ఎండుటాకులు కొట్టంలో పశువుల కిందికీ పోకతోటకూ చేరతాయి. ఆకులు ఊడ్చే ఎండాకాలమే నువ్వుగింజకన్నా చిన్నవైన పిల్ల పిడుదులు తిరిగే కాలం కూడా. ఈ ముహూర్తం ఎవరు పెట్టారో గానీ!

ఇక పెద్ద పిడుదులు బలిసేది అడవిలో మేసే పశువుల మీద. పశువుకు జబ్బు రాదు, దాని నెత్తురులో వైరస్ పెద్దగా పెరగదు. పిడుదుల సంతానాన్ని మాత్రం అదే పోషిస్తుంది. అయినా ఆవును బోనెక్కించే ధైర్యం ఈ వ్యాసానికి లేదు. నేరం మీ మీదే ఉండనివ్వండి.

మనుషులకూ సలహాలున్నాయి. అడవికి వెళ్లేముందు కాళ్లకూ చేతులకూ పిడుదుల్ని దగ్గరికి రానివ్వని డెపా తైలం పూసుకోవాలి, రాగానే వేణ్ణీళ్ల స్నానం చేసి బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. కరిచిన పిడుదును చర్మానికి ఆనించి పట్టకారుతో తిన్నగా లాగాలి, గోళ్లతో నలపకూడదు. కట్టెలకు పోయే కూలి మొలలో పట్టకారు దోపుకునే ఉంటాడని సలహా రాసినవాళ్ల నమ్మకం.

టీకా? నెల తేడాతో రెండు డోసులు, 6 నుంచి 9 నెలల్లో బూస్టరు, ఆపై 5 ఏళ్లపాటు ఏటా ఒకటి. రెండు డోసులిచ్చే రక్షణ 62 శాతం, బూస్టరు కలిస్తే 83. ఇన్నిసార్లు చెయ్యి చాపే ఓపిక ఎందరికుంటుంది? 2022లో ఆ టీకానే ఆపేశారు. ఇప్పుడు ఊరికి ముందస్తు హెచ్చరిక మీ శవాలే. ఆ ఉద్యోగానికి జీతభత్యాల పద్దు లేదని గమనించగలరు.