నార్మల్ అన్న రిపోర్టు మనకు చాలదు

అమెరికాలో బిడ్డ పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే మడమ మీద సూదితో పొడిచి, వడపోత కాగితం మీది వలయాల్లో నాలుగైదు రక్తపు చుక్కలు సేకరిస్తారు. 2010 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ఆ చుక్కల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులనూ జీర్ణవ్యవస్థనూ దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) జాడ కూడా వెతకడం మొదలైంది. ఎన్నో ప్రాణాలు నిలిపిన పరీక్ష ఇది. కానీ తెలుగు తల్లిదండ్రులు రిపోర్టులో నార్మల్ అన్న మాట చూసి నిశ్చింతగా ఉండిపోవడం నాకు భయం కలిగిస్తుంది.

ముందుగా రక్తంలో ఐఆర్‌టీ అనే పదార్థం ఎంత ఉందో చూస్తారు. క్లోమం దెబ్బతింటే అది పెరుగుతుంది. పెరిగినట్టు తేలితే ఈ జబ్బుకు మూలమైన సీఎఫ్‌టీఆర్ జన్యువును పరీక్షిస్తారు. ఆ జన్యువులో జబ్బు తెచ్చే మార్పులు వందల్లో ఉన్నాయి. చాలాకాలం ప్రామాణికంగా చెలామణీ అయిన జాబితాలో ఉన్నవి మాత్రం 23. ఆ జాబితా ప్రధానంగా ఐరోపా సంతతి రోగులను చూసి తయారైంది. వాళ్లలో అత్యధికంగా కనిపించే ఎఫ్508డెల్ అనే మార్పు భారతీయ రోగుల్లో అంతగా ఉండదు. జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు మార్పులు కావాలి. ఆ రెండూ జాబితాలో లేనివైతే బిడ్డను పరీక్ష ఆరోగ్యవంతుడిగా లెక్కగట్టి ఇంటికి పంపేసే ప్రమాదం ఉంది.

మేనరికాల సంగతి ఇక్కడ దాచిపెట్టి లాభం లేదు. తల్లీ తండ్రీ ఒకే వంశంవారైతే బిడ్డకు ఇద్దరి నుంచీ ఒకే అరుదైన మార్పు రావచ్చు. కాలిఫోర్నియా 2007 నుంచే జన్యువు మొత్తాన్ని చదివిస్తోంది, నిజమే. అయితే ముందు జాబితాలోని మార్పు ఒకటైనా దొరకాలి. మన బిడ్డలో ఒక్కటీ దొరకకపోతే ఆ తలుపు తెరుచుకోనే తెరుచుకోదు.

ఆ తరువాత ఇంట్లో జరిగేది మనకు తెలిసిందే. పాలు బాగానే తాగుతాడు, బరువు పెరగడు. విరేచనం జిడ్డుగా, దుర్వాసనతో ఉంటుంది. దగ్గు వదలదు. ముద్దు పెట్టుకుంటే నుదురు ఉప్పగా తగులుతుంది. అమ్మమ్మ "వాళ్ల నాన్నా చిన్నప్పుడు ఇంతే బక్కగా ఉండేవాడు" అంటుంది. డాక్టరు కూడా ఆసియా పిల్లలు సన్నగానే ఉంటారని సర్దిచెబుతాడు. జీర్ణానికి ఎంజైములు ఇవ్వవలసిన నెలలు అలా కరిగిపోతాయి. ఇలాంటి లక్షణాలుంటే స్క్రీనింగ్ ఏం చెప్పినా చెమట పరీక్ష చేయించమని పట్టుబట్టండి. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్ లేదా అంతకు మించితే జబ్బు ఉన్నట్టే లెక్క.

జాబితా పెంచితే అర్థం తేలని ఫలితాలు పెరుగుతాయని, తల్లిదండ్రులు అనవసరంగా కంగారు పడతారని కొందరు నిపుణులు అంటారు. ఆ కంగారు చిన్నదేమీ కాదు. అయినా గుర్తించకుండా వదిలేసిన జబ్బు కంటే అదే నయమని నేను నమ్ముతాను. జబ్బు తెస్తాయని తేలిన మార్పులన్నిటినీ చూడాలని 2025లో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ కూడా సిఫారసు చేసింది.

అమలు చేయవలసింది రాష్ట్ర ఆరోగ్య శాఖలు. అమెరికాలోని మన తెలుగు సంఘాల్లో పిల్లల డాక్టర్లకు కొదవ లేదు. వారిని ముందుంచుకుని ఆ సంఘాల ప్రతి రాష్ట్ర శాఖా తమ రాష్ట్ర ప్రభుత్వ స్క్రీనింగ్ విభాగానికి లేఖ రాయాలి: మీ జాబితాలో ఎన్ని మార్పులున్నాయి, దక్షిణాసియా పిల్లల్లో అది ఎందరిని పట్టగలదు, జన్యువు మొత్తం చదవడం ఎప్పుడు మొదలుపెడతారు?