రిపోర్టుల్లోకి ఎక్కని పొరపాట్లు

మందుల పొరపాట్ల మీదే జీవితమంతా పరిశోధన చేసిన ఫార్మసీ ప్రొఫెసర్ కెన్నెత్ బార్కర్ గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ ఆయన పని విధానాన్ని ‘రిపోర్టులు పరిశీలించారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఎవరో గమనించి, భయపడకుండా రాస్తేనే అది రిపోర్టు అవుతుంది. గమనించనిది ఎవరు రాస్తారు? అందుకే 1960ల్లో ఆయన వేరే దారి పట్టారు. నర్సు మందు ఇస్తుంటే పక్కనే ఉండి చూడటం, దాన్ని డాక్టరు ఆర్డరుతో పోల్చడం. రిపోర్టుల్లో కనబడనివి ఎన్నో అలా బయటపడ్డాయి.

2003లో అచ్చయిన అమెరికా అధ్యయనంలోనూ ఆయన ఉన్నారు. 50 మందుల షాపుల్లో 4,481 ప్రిస్క్రిప్షన్లు చూస్తే 77 పొరపాట్లు. 98 శాతం పైగా సరైనవే కదా అనిపిస్తుంది. రోజుకు 250 ప్రిస్క్రిప్షన్లు వచ్చే షాపులో అది నాలుగు తప్పులన్నమాట! మందులిచ్చే చోట వెలుతురు పెంచితే తప్పులు తగ్గుతాయని 1991లోనే చూపించారు. ఇలాంటి పనికి ఫొటోలు పడవు లెండి.

నేను మందుల షాపు కౌంటరు వెనక పనిచేస్తాను. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ చీటీ వస్తే కవరు మీద వారం పేరు రాసి, ఏ రోజు వేసుకుంటారో పేషెంటు చేతే చెప్పిస్తాను. వెనకున్నవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఆ ప్రొఫెసర్ శిష్యులు ఇప్పుడు దేని మీద పనిచేస్తున్నారో కూడా రాస్తారా?