తుపాకీ పోయింది సార్

మా వంశంలో ఇంతవరకూ ఎవరినీ ఎవరూ 'వాల్యూడ్' అని పిలిచిన దాఖలా లేదు. కరెంటాఫీసు వాళ్లకి నేనొక సర్వీసు నంబరుని. బ్యాంకులో టోకెన్ నంబరుని. ఇంట్లో అయితే 'గ్యాసు బండ బుక్ చేశారా లేదా' అనే ప్రశ్నకి గురిపెట్టిన మొహాన్ని. అలాంటి వంశంలో పుట్టి తొమ్మిదో తరగతి వెలగబెడుతున్న మా మేనల్లుడికి మొన్న సంక్రాంతి సెలవుల్లో ఓ ఈమెయిల్ వచ్చింది. మొదటి మాటే 'డియర్ వాల్యూడ్ ప్లేయర్'. లెక్కల్లో పదమూడు మార్కులు తెచ్చుకున్నవాడికి ఈ భూమ్మీద ఇంత మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి? కరిగిపోయాడు.

ఉత్తరం సారాంశం ఇది. తమరి గేమ్ ఐడీలో అనుమానాస్పద కదలికలు గమనించాం. 24 గంటల్లోగా కింది లింకు నొక్కి తమరు తమరేనని రుజువు చేసుకోకపోతే ఐడీ శాశ్వతంగా మూసేస్తాం. ఆ 24 గంటలు చూడండి. రేషన్ కార్డులో తప్పుపడిన ఒక్క అక్షరం దిద్దించుకోడానికి ఎన్నిసార్లు తిరిగామో మనకి తెలుసు. దొంగకి తప్ప ఇంకెవరికీ మనతో అంత అర్జెంటు ఉండదు.

మావాడు నొక్కాడు. తెరుచుకున్న పేజీ అచ్చు ఆట పేజీలాగే ఉంది. అదే బొమ్మ, అదే రంగు. అడ్రసులో ఇంగ్లీషు 'ఎం' ఉండాల్సిన చోట మాత్రం చిన్న 'ఆర్', చిన్న 'ఎన్' సిటీ బస్సు సీట్లో ఇద్దరిలాగా ఒదిగి కూర్చున్నాయి. ఫోన్ తెర మీద ఆ రెండూ కలిస్తే 'ఎం' అనే అనుకుంటాం. పాస్‌వర్డ్ అడిగింది, కొట్టాడు. ఓటీపీ అడిగింది, అదీ కొట్టాడు. అవతలివాడు ఆ ఓటీపీని అప్పటికప్పుడే అసలు సైటులో కొట్టుకుని లోపలికి పోయి, ఐడీకి కట్టి ఉన్న మెయిల్ మార్చేసి, లోపల్నుంచి గడియ పెట్టుకున్నాడు. మొత్తం నాలుగు నిమిషాలు. అంత సాఫీగా మా వీధిలో ఏ పనీ జరగలేదు.

వాడి నాన్న, అంటే మా బావగారు, జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టారు. విషయం తెలియగానే ఆయన చేసిన మొదటి పని ఆ మెయిల్‌ని ప్రింటు తీయించడం. రెండో పని ఎర్ర పెన్ను అందుకోవడం. 'యువర్ అకౌంట్ హావ్ బీన్' అనే చోట గుండ్రంగా సున్నా చుట్టి, "ఏకవచనానికి 'హావ్' ఏంట్రా? ఇది చూశాకైనా వీడు దొంగని తెలియలేదా?" అని కొడుకుని నిలబెట్టి అడిగారు. ఉత్తరానికి పదికి మూడు మార్కులు పడ్డాయి. వ్యాకరణం రానివాడే దొంగ అని ఆయన సిద్ధాంతం. ఆ లెక్కన మా కాలనీ అసోసియేషన్ నోటీసులు రాసేవాళ్లందరినీ లోపలేయాలి.

ఇక ఫిర్యాదు ఇద్దామని మేనల్లుణ్ని వెంటబెట్టుకుని ఒక పోలీసు స్టేషన్‌కి వెళ్లాను. అక్కడ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఏం పోయింది?" అన్నారు హెడ్ కానిస్టేబులు గారు, పుస్తకం మీంచి తల ఎత్తకుండా.

"తుపాకీ సార్" అన్నాడు మావాడు.

కుర్చీ జానెడు వెనక్కి జరిగింది. "ఏ తుపాకీ?"

"మంచు తుపాకీ సార్. ఏడో లెవెలు."

"లైసెన్సు ఎవరి పేరు మీదుంది?"

"లైసెన్సుండదు సార్. పెట్టెల్లో వచ్చింది. ఇరవై మూడు పెట్టెలు తెరిస్తే ఒకటి వచ్చింది."

"పెట్టెలా! ఎక్కడ దించారవి?"

"ఆన్‌లైన్లో కొన్నా సార్. అమ్మమ్మ ఇచ్చిన డబ్బుల్తో."

కేసు మా అమ్మ దాకా పాకింది. పక్క బల్ల మీద టీ తాగుతున్న రైటరు గారు గ్లాసు కింద పెట్టి తలుపు వైపు నడిచి అక్కడే నిలబడ్డారు. మేం పారిపోతామని కాబోలు.

"ఇంకేం పోయినై?"

"ఎలుగుబంటి డ్రస్సు, బంగారు పెనం."

"బంగారమా? ఎన్ని తులాలు?"

"తులాలు తెలీదు సార్. వీపుకి తగిలించుకుంటే తూటాలు తగలవు."

"ఈ సామానంతా ఆఖరుసారి ఎక్కడ చూశావు?"

"కొండ మీద గోడౌన్లో సార్. ముగ్గుర్ని చంపి, అమ్మ అన్నానికి పిలిస్తే దిగిపోయా."

ఇక లాభం లేదని నేనే కల్పించుకుని, "ఆటండీ, ఫోన్లో ఆట" అన్నాను. అర నిమిషం నిశ్శబ్దం. తర్వాత స్టేషను స్టేషనంతా నవ్వింది. రైటరు గారు కళ్లు తుడుచుకున్నారు. ఏదో గొడవకి వచ్చి బెంచీ మీద కూర్చున్న ఇద్దరు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవడం మానేసినవాళ్లు, కలిసి నవ్వారు. "పోయి చదువుకోరా" అని పిల్లాడి వీపు మీద తట్టి పంపేశారు.

నేనూ నవ్వాను. అబద్ధం ఎందుకు, అందరికంటే గట్టిగానే నవ్వాను. బయటికొచ్చి బండి స్టాండు తీస్తుంటే వాడి మొహం చూశాను. చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. ఏడవకూడదని పళ్లు బిగబట్టాడు. రెండు సంక్రాంతులు, ఒక పుట్టినరోజు, పక్కవీధి పెళ్లిలో వీడియో లైట్లు పట్టుకున్న కూలి, అన్నీ కలిపి 2,300 రూపాయలు ఆ పెట్టెల్లో పోశాడు వాడు. ఆ డబ్బు జేబులోంచి కొట్టేసి ఉంటే ఈ పాటికి నలుగురం నాలుగు వైపులా పరిగెత్తేవాళ్లం. ఫోన్లోంచి కొట్టేస్తే నవ్వొచ్చింది. ఏం, ఎందుకు నవ్వొచ్చింది? కంప్యూటరు ద్వారా ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పోయింది ఆటలోది అయితే ఈ సెక్షను వర్తించదు, నవ్వి పంపేయవచ్చు అని అందులో ఎక్కడా రాయలేదు.

ఇంకో సంగతి ఆ రాత్రి బయటపడింది. ఐడీ పోయిన మూడు రోజుల దాకా వాడు ఇంట్లో చెప్పలేదు. తిడతారని. ఎందుకు నొక్కావని అడుగుతారని. అందరూ అడిగేది ఆ ఒక్క ప్రశ్నే కదా! ఆటకీ, మెయిల్‌కీ, వాళ్లమ్మ చీరలు కొనే యాప్‌కీ వాడు ఒకటే పాస్‌వర్డ్ పెట్టాడు. ఆ మూడు రోజుల్లో దొంగ మెయిల్లోకి కూడా దూరి, వచ్చే ఉత్తరాలన్నీ తనకీ ఒక కాపీ చేరేలా ఫార్వర్డింగ్ పెట్టుకున్నాడు. నాలుగు నిమిషాల దొంగతనానికి మూడు రోజుల గడువిచ్చింది దొంగ తెలివి కాదు. మన నోళ్లు. పిల్లలకి దొంగంటే భయం లేదు, మనమంటే భయం. ఆ మెయిళ్లు రాసేవాడికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

ఇదేమైనా కొత్త విద్యా అంటే కాదు. 1990లలో అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఉద్యోగులమని చెప్పి కుర్రాళ్లు పాస్‌వర్డులు గుంజేవాళ్లు. 'ఫిషింగ్' అనే పేరు పుట్టింది ఆ రోజుల్లోనే. మా ఉద్యోగులెవరూ పాస్‌వర్డ్ అడగరు మొర్రో అని ఆ కంపెనీ మెసేజీల పక్కనే రాసి పెట్టుకోవాల్సొచ్చింది. ముప్ఫై ఏళ్లయింది. అదే గాలం, అదే ఎర, చేపలు మాత్రం తరం మారాయి. కంప్యూటరు ఆటలమ్మే 'స్టీమ్' అనే ఆన్‌లైన్ దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ 2015 డిసెంబరులో తనే ఒప్పుకుంది, నెలకి దాదాపు 77,000 ఖాతాలు దొంగల పాలవుతున్నాయని. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ కోడ్‌తో రెండో తాళం వేసుకోండి నాయనా అని బతిమాలితే ఎవరూ వినరని కంపెనీలకి అర్థమై లంచాలు మొదలుపెట్టాయి. బ్లిజార్డ్ అనే ఆటల కంపెనీ వాళ్లు ఆ తాళం వేసుకున్నవాళ్లకి ఆటలో రెండు తలల కుక్కపిల్లనిచ్చారు. 2018లో ఫోర్ట్‌నైట్ అనే ఆట వాళ్లు ఒక డాన్సు స్టెప్పు ఇచ్చారు. ఇంటికి తాళం వేస్తే స్టెప్పు బహుమతి! మానవజాతి మీద ఇంతకంటే మర్యాదగా ఎవరూ ఉమ్మలేదు.

మావాడి ఆట కంపెనీ సంగతి అడక్కండి. డబ్బు తీసుకోడానికి రెండు సెకన్లు పట్టినవాళ్లకి జవాబివ్వడానికి పదకొండు రోజులు పట్టింది. 'ఖాతా భద్రత మీ బాధ్యత' అని ఒక్క వాక్యం. అందులో 'వాల్యూడ్' లేదు. వ్యాకరణం మాత్రం శుద్ధంగా ఉంది. మొదటిసారి కొన్నప్పటి రసీదు ఉంటే పంపమన్నారు. తొమ్మిదో తరగతి కుర్రాడు రెండేళ్ల కిందటి రసీదు దాచుకుంటాడని నమ్మిన ఆ అమాయకత్వానికి దండం పెట్టాలి.

మా అమ్మకి ఇవేవీ తెలియవు. కానీ 'మీ ఆయన పంపాడు, బీరువా తాళాలిమ్మన్నాడు' అని గుమ్మంలోకి ఎవడైనా వస్తే తలుపు తీయకుండా మా నాన్నకే కబురు పెట్టేది. లింకు నొక్కొద్దు, ఆట నువ్వే తెరిచి చూసుకో అని వాడికి నేను అరగంట చెప్పిన దాంట్లో ఇంతకంటే ఏమీ లేదు. పాస్‌వర్డులు గుర్తుపెట్టుకునే యాప్ కూడా ఒకటి వేసిచ్చాను. దానికి బొమ్మలూ రంగులూ అక్కర్లేదు, అడ్రసే చూస్తుంది. 'ఆర్', 'ఎన్' పక్కపక్కన కూర్చుంటే నింపనంటే నింపనని మొండికేస్తుంది. అప్పుడు మనమేం చేస్తాం? 'ఛీ, ఇది పనిచేయట్లేదు' అని చేత్తో కొడతాం.

పోయిన ఆదివారం మధ్యాహ్నం బావగారి నుంచి ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, వెనక కుళాయి శబ్దం. బాత్రూములోంచి అనుకుంటా. పోయిన ఐడీ తిరిగి ఇప్పిస్తాం, 499 రూపాయలు కట్టి వివరాలు నింపండి అని ఎవరో మెయిల్ పంపారట.

"కట్టారా?"

"ఒక్క తప్పు లేదోయ్. సెమీకోలన్ కూడా సరిగ్గా పెట్టాడు."

"బావగారూ, కట్టారా?"

కుళాయి శబ్దం కాసేపు వినిపించింది.

"మెయిల్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చా. నువ్వొకసారి రావోయ్. వాడికి మాత్రం చెప్పకు."