చేప చూడని పట్టంచు

గాలం వేసేవాళ్లందరికీ చేప మీదే ధ్యాస. ఈ యావ, గాలపు కర్ర మీద రంగుదారాలు చుట్టే ఒక గొప్ప కళను ఎంతగా తొక్కేసిందో డాలస్‌లో మా బావమరిది గరాజ్‌లో పది రోజులు కూర్చున్నాక నాకు తెలిసొచ్చింది. మా ఊరి చెరువు గట్టున మాకున్నది వెదురు కర్ర, దారం, కొక్కెం, కొబ్బరి చిప్పలో వానపాములు. అలాంటి నాసిరకం సామగ్రితో చేపలు తప్ప ఇంకేం వస్తాయి?

మావాడు గాలపు కర్ర సొంతంగా కట్టుకుంటాడు. గ్రాఫైట్ కర్ర కొన్నదే. దాని మీద గాలం తాడు దూరే రింగులు పెట్టి, దారం చుట్టి బిగించాలి. అది రెండు సాయంత్రాల్లో అయిపోయిందట. పిడికి పైన జానెడు చోటు మిగిలింది. అక్కడ చేయాల్సిన పనేమీ లేదు కాబట్టి రంగుదారాలతో డిజైన్ చుడుతున్నాడు; నేను వెళ్లేసరికి మూడో వారం నడుస్తోంది.

పూర్వం వెదురు బద్దలు ఆరింటిని జిగురుతో అతికించి కర్రలు చేసేవారు. అవి విడిపోకుండా పట్టుదారం చుట్లు కాపలా కాసేవి. ఫైబర్‌గ్లాస్ వచ్చాక ఆ కొలువు పోయింది. రిటైరైన హెడ్మాస్టరు కవిత్వం మొదలెట్టినట్టు, దారం అలంకారంలోకి దిగింది.

డైమండ్ చుట్టు అంటే, పోగును వాలుగా పైకి తీసుకెళ్లి ఎదురువాలుగా కిందికి తేవాలి. రెండూ కత్తెర పడ్డచోట పక్కనే ఇంకో పోగు, దాని పక్కన రంగు మార్చి మరొకటి. కూడళ్లన్నీ ఒకే గీత మీద ఉండాలి. ఒక్కటి పక్కకి జరిగినా మొత్తం విప్పాల్సిందే. పోచంపల్లిలో ఇలాంటి డైమండ్లు నేసేవాళ్లకు ఆఖర్న కనీసం చీరైనా మిగులుతుంది.

కొస ముడేయడం మోటు పని. చివరి ఏడెనిమిది చుట్ల కింద ముందే ఓ దారపు ఉచ్చు పెట్టి, కొసను అందులో దూర్చి లాగితే చుట్ల కిందికి పోయి దాక్కుంటుంది. "నేను లాగనా?" అన్నాను. "బావా, నువ్వు కాఫీ తాగు" అన్నాడు.

నైలాన్ దారానికి నేరుగా ఎపాక్సీ (ఆరితే గాజులా గట్టిపడే పూత) పూస్తే తడిసిన చొక్కాలా రంగు మారిపోతుందని ముందు రంగు కాపాడే పూత ఒకటి. ఆ తర్వాత ఎపాక్సీ. అది ఒకవైపు జారకుండా కర్ర రాత్రంతా మోటారు మీద మెల్లగా తిరగాలి. బుడగలొస్తే స్పిరిట్ దీపం చూపించాలి. అచ్చం హారతే, కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువ.

ఇంత చేసినా ఈ దారపు అంచు నీళ్లలోకి దిగేది కాదు, చేతి దగ్గరే ఉంటుంది. చేప దాన్ని చూసేది ఒడ్డున పడ్డాకే. అప్పటి టెన్షన్‌లో దానికి కళాదృష్టి ఎక్కడ? అందుకని నా ప్రతిపాదన: గాలం పోటీల్లో చేపను తూచడం ఆపి, కర్రను భూతద్దంలో చూసి మార్కులెయ్యాలి. చేపలైతే ఏకగ్రీవంగా ఒప్పుకుంటాయి.

ఆదివారం పొద్దున మోటారు ఆపాడు. అద్దంలా మెరుస్తోంది.

"ఇక చెరువుకి పోదామా?" అన్నాను.

వాడు పలకలేదు. కర్రను దీపం దగ్గరికి తీసుకెళ్లి, వేలితో ఒకచోట చూపించాడు. ఎరుపు డైమండ్ మీద, ఎపాక్సీ లోపల, ఒక తెల్ల వెంట్రుక.

ఆ ఇంట్లో తల నెరిసింది నాకొక్కడికే. వాడు బ్లేడు వెతుకుతున్నాడు. నేను వెళ్లి కాఫీ పెట్టుకున్నాను.