చంద్రయాన్ డబ్బుతో ఎన్ని రోజులు అన్నం పెట్టొచ్చు?

మా చుట్టాల గ్రూపులోకి ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది, ఈసారి పంపింది మావయ్య. "పేదవాడికి తిండి లేదు గానీ చంద్రుడి మీదికి 615 కోట్లు. ఆ డబ్బు పెడితే దేశంలో ఆకలే ఉండదు. ఈ పరిశోధనల వల్ల సామాన్యుడికి ఒరిగింది సున్నా. కావాలంటే బయటి దేశాలవాళ్లు కనిపెట్టింది కొనుక్కోవచ్చు, లాభం ఉంటే ప్రైవేటువాళ్లే చేస్తారు." కింద వరసగా దండం బొమ్మలు.

ముందు లెక్క చూద్దాం. 615 కోట్లని 140 కోట్ల మందికి పంచితే తలకి నాలుగు రూపాయల చిల్లర వస్తుంది, టీ కూడా రాదు. ఉచిత రేషన్‌కి కేంద్రం పెట్టే ఖర్చు ఏడాదికి సుమారు 2 లక్షల కోట్లు, అంటే రోజుకి 540 కోట్ల పైమాటే. చంద్రయాన్-3 మొత్తం ఆపేసి ఆ డబ్బు ఇందులో కలిపితే ఒక రోజు భోజనం, మర్నాడు పొద్దున టిఫిను. అంతే.

"ఒరిగింది సున్నా" అన్న ముక్క ఇంకెవరన్నా ఊరుకునేవాణ్ణేమో గానీ మావయ్యది కృష్ణా తీరాన ఉన్న దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు మనకంటూ ఒక్క వాతావరణ ఉపగ్రహం లేదు, సర్కారు లెక్కలోనే సుమారు పదివేల మంది పోయారు, తాటిచెట్టు పట్టుకుని బతికినవాళ్ల కథలు మాకు చెప్పింది ఈ మావయ్యే. 1983లో మేఘాల ఫొటోలు తీసి పంపే మన ఉపగ్రహం ఇన్సాట్-1బి పైకి వెళ్లింది. 1990 మే నెలలో ఇంచుమించు అంతటి తుఫానే అదే కృష్ణా తీరాన్ని కొట్టింది, ఈసారి రోజుల ముందే కదలిక కనిపెట్టి జనాన్ని ఖాళీ చేయించారు, చనిపోయినవాళ్లు వెయ్యిలోపు. 2014లో హుద్‌హుద్ విశాఖని పీకి పందిరేసినా ఆంధ్రలో ప్రాణనష్టం వంద దాటలేదు. అంతా ఉపగ్రహం గొప్పే అనను, షెల్టర్లు కట్టారు, రాత్రంతా జనాన్ని బతిమాలి బస్సులెక్కించిన రెవెన్యూ సిబ్బంది ఉన్నారు. కానీ తుఫాను ఎటొస్తుందో తెలియకపోతే బస్సు ఏ ఊరికి పంపుతారు?

కొనుక్కోవచ్చట. డబ్బున్నా అమ్మనివాళ్లుంటారు. బరువైన ఉపగ్రహాల్ని పైకి మోసే రాకెట్లకి కావాల్సిన క్రయోజెనిక్ ఇంజను టెక్నాలజీ రష్యా మనకి ఇస్తానంటే 1990ల్లో అమెరికా అడ్డుపడింది, చివరికి మన ఇంజనుతో జీఎస్‌ఎల్‌వీ రాకెట్ సరిగ్గా ఎగరడానికి 2014 దాకా పట్టింది.

ఇక ప్రైవేటువాళ్ల సంగతి. పసిపిల్లల్ని విరేచనాలతో చంపే రోటావైరస్‌కి మన రోటావాక్ టీకా ఉంది, ఆరు వారాల పిల్లాడి నోట్లో ఐదు చుక్కలు వేస్తారే, అదే. దాని మూలం 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పసికందుల దగ్గర దొరికిన వైరస్ రకం. హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్ దాన్ని తయారుచేసింది, డోసు ఒక డాలరుకే ఇస్తామంది, నిజమే. అయితే 2016లో ఆంధ్ర సహా నాలుగు రాష్ట్రాల పిల్లలకి అందేసరికి ముప్ఫై ఏళ్లు గడిచాయి. వస్తుందో రాదో తెలియనిదాని మీద అన్నేళ్లు సొంత డబ్బు పెట్టుకుని కూర్చునే షావుకారు నాకింతవరకు తగల్లేదు.

విత్తనమూ అంతే. సాంబమసూరి, అదే బీపీటీ 5204, బాపట్ల ప్రభుత్వ పరిశోధనా కేంద్రంలో పుట్టింది. రైతు తన పంటలోంచే గింజ తీసి దాచుకుని మళ్లీ వేసుకునే రకమది, ఏటా అమ్ముకోలేని దాని మీద కంపెనీకి మోజెందుకుంటుంది? దాని బలహీనత ఎండాకు తెగులు. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెగులు తట్టుకునే మూడు జన్యువులు అందులోకి ఎక్కించి 2008లో వదిలాయి. అందులో ఒకటి ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరిది, మామూలు వరి పొలంలో మొలిస్తే కలుపని పీకి గట్టున పడేసే జాతి. దాన్ని సేకరించి పెట్టినవాళ్లకి దివిసీమ పేరు కూడా తెలిసి ఉండదు.

మావయ్య వేసేదీ బీపీటీనే. కిందటేడు ఆకులు కొసల నుంచి ఎండి గడ్డిలా అయిపోయాయని ఫోన్లో గంటసేపు వాపోయాడు. గ్రూపులో వాదించడం ఆపి, ఆ తెగులు తట్టుకునే విత్తనం వచ్చే సార్వాకి ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటానని ఆయనకి విడిగా మెసేజ్ పెట్టాను.