నాలుగు నో ట్రంప్ గారూ, తమకో దండం

మహారాజశ్రీ నాలుగు నో ట్రంప్ గారికి,

నమస్కారం. బ్రిడ్జి పేకాటలో జోడీని ఆసులెన్ని అని అడగడానికి, వారానికి రెండుసార్లయినా తమరిని బిడ్డింగ్ బాక్స్‌లోంచి (ఎన్ని పట్లు చేస్తామో చెప్పే కార్డుల పెట్టెలోంచి) లాగుతుంటాను. మీ కార్డు అంచు నలిగి మెత్తబడిపోయింది. నాలుగు కళావర్ల కార్డు మాత్రం కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది. దాన్ని ముట్టుకున్నదెవరు గనక!

మొన్న మంగళవారం సంగతి. నా చేతిలో ఇస్పేటు ఆసు, రాజు, రాణి, జాకీతో కలిపి ఆరు ముక్కలు. ఆఠీన్లలో రాజు, రాణి, ఐదు. కళావరు ఆసు, నాలుగు. ఇక డైమన్లో ఏడు, మూడు. ఈ రెండింటి మీదా నా చూపు నిలిస్తే ఒట్టు. ఒక ఇస్పేటు అని మొదలుపెట్టాను. ఎదురుగా నా జోడీ, మా మావగారు, మూడు ఇస్పేట్లు అన్నారు. అంటే తురుపులో మద్దతుంది, పెద్ద ముక్కల లెక్కలో పదో పదకొండో పాయింట్లున్నాయి అని. ఇక ఆగుతామా? తమరిని పిలిచాను. ఆయన ఐదు డైమన్లు తీశారు, ఒక్క ఆసు ఉందని. నావి రెండు, ఆయనదొకటి, పోయేది ఒక్కటే కదా అని ఆరు ఇస్పేట్లు పెట్టేశాను. అంటే పదమూడు పట్లలో పన్నెండు చేస్తానని, దాన్నే స్లామ్ అంటారు.

ఎడంపక్కావిడ డైమన్ ఆసు వేసింది. ఆ వెంటనే రాజు వేసింది. నా ఏడూ మూడూ బుద్ధిగా సమర్పించుకున్నాను. మిగతా పదకొండు పట్లూ నావే. ఏం చేసుకోను వాటిని?

టీమ్ ఆట కదా, అవతలి టేబుల్ వాళ్ళు అవే ముక్కలతో నాలుగు (అంటే పది పట్లు) దగ్గర ఆగి, పదకొండు చేసి, 650 వేసుకున్నారు. మేం వల్నరబుల్ (బోనస్సూ జరిమానా రెండూ పెద్దవయ్యే స్థితి), కాబట్టి 100 ఇచ్చుకున్నాం. తేడా 750, అంటే టీమ్ ఆట లెక్కలో 13 ఇంపులు. స్లామ్ అయ్యుంటే మాకు పైకొచ్చేదీ అచ్చంగా ఆ 750యే. బొమ్మా బొరుసా అన్నమాట. సగానికి సగం అవకాశముంటే పెట్టేయొచ్చు. నాకున్న అవకాశమల్లా ఆవిడ కునుకు తీయడమే.

తప్పంతా మీదే అనను. పన్నెండు పట్లు చేసినంత మాత్రాన చాలదు, ముందే చెప్పి చేసినవాడికే స్లామ్ బోనస్ అని 1925లో ఓడ ప్రయాణంలో లెక్క తేల్చిన అమెరికా కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ దొరకీ ఇందులో వాటా ఉంది. కానీ మిమ్మల్ని 1933లో కనిపెట్టిన ఈస్లీ బ్లాక్‌వుడ్ గారు ఇండియానాపొలిస్‌లో ఇన్సూరెన్స్ ఉద్యోగి అని తెలిశాక నాకు అంతా అర్థమైంది. ఆసులెన్ని అన్నది పెద్దక్షరాలు. ఒకే రంగులో రెండు పిచ్చి ముక్కలున్నవారికీ, ఒక రంగు అసలే లేనివారికీ ఈ పాలసీ వర్తించదు అన్నది చిన్నక్షరాలు. తర్వాత్తర్వాత తురుపు రాజును కూడా ఐదో ఆసుగా లెక్కపెట్టడం నేర్చుకున్నారు, సంతోషం. అయినా ఎన్ని ఉన్నాయో చెప్తారే గానీ ఎక్కడున్నాయో చెప్పరు. పైగా జోడీ నో ట్రంప్ (తురుపు లేని ఆట) అన్నాక దాని మీద మిమ్మల్ని పెడితే అది ఆసుల ప్రశ్నే కాదట, చెయ్యి బాగుంటే ఆరుకి రమ్మనే పిలుపట! ఆ ముచ్చట ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఆట అయ్యాక మావగారు కాఫీలో చెంచా తిప్పుతూ కూర్చున్నారు. పంచదార ఎప్పుడో కరిగిపోయింది, చెంచా మాత్రం ఆగలేదు.

"అల్లుడుగారూ, మీకు డైమన్లెన్ని?"

"రెండండీ."

"పెద్దవా?"

"ఏడూ మూడండీ."

"మరి నన్ను ఆసులెందుకు అడిగారు?"

ఆయనన్నది నిజం. నేను నాలుగు కళావర్లు అనుంటే, కళావరు నా అదుపులో ఉందని, అంటే అందులో మొదటి రెండు పట్లూ పోవని, ఆయనకు తెలిసేది. ఆయన డైమన్లు దాటేసి నాలుగు ఆఠీన్లు అనేవారు. ఆ దాటేయడంలోనే ఉంది కబురంతా, డైమన్లో ఆయనా నాలాంటివారేనని. నాలుగు ఇస్పేట్లు అని నోరు మూసుకునేవాణ్ణి. 650 మాకూ వచ్చేది.

నిన్న మళ్ళీ అలాంటి చెయ్యే పడింది. ఈసారి రెండు పిచ్చి ముక్కలు కళావర్లో. పాఠం గుర్తుంది. డైమన్ల అదుపు చెబుదామనే బాక్స్‌లో చెయ్యి పెట్టాను. ఆ నిగనిగలాడే కార్డులు వేలికి జారిపోయాయి. మెత్తగా తగిలింది మాత్రం పైకొచ్చేసింది. టేబుల్ మీద పడ్డాక చూస్తే తమరే. మావగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

ఇట్లు,
తమ పాలసీదారు