రొయ్య మేతకున్న లెక్క మనిషి కూటికి లేదు

భీమవరం చుట్టుపక్కల ఏ వనామీ రొయ్యల చెరువు గట్టెక్కినా మేత పుస్తకం ఒకటి కనిపిస్తుంది. రోజుకు నాలుగు పూటలు, పూటపూటకూ కేజీల లెక్క. మేత చల్లాక చెక్ ట్రేలో పిడికెడు వేసి నీళ్లలోకి దించుతారు. గంటన్నర, రెండు గంటలాగి ఎత్తి చూస్తారు. ట్రేలో మేత మిగిలిందంటే మరుసటి పూట కోత. వారానికోసారి వల విసిరి కౌంటు, అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో లెక్క కడతారు. కేజీ రొయ్యకు కేజీంపావు మేత పట్టిందా, కేజీన్నర దాటిందా అన్నదాన్ని బట్టే ఆ రైతుకు రాత్రి నిద్ర.

ఇక అదే ఊరి బడి వంటగదిలోకి రండి. ఈ పూట పప్పు ఎంత పడిందని అడిగితే వచ్చే జవాబు “రెండు డబ్బాలండీ”. ఏ డబ్బా, ఎంత పడుతుంది? ఆ ప్రశ్న అడిగే ఉద్యోగం మన వ్యవస్థలో ఎవరికీ లేదు. ప్రాథమిక బడి పిల్లవాడికి మధ్యాహ్న భోజనంలో 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని కేంద్ర నిబంధన ఉంది. లక్ష్యం 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. అంటే 120 మంది పిల్లలుంటే కందిపప్పు 2.4 కేజీలు. ఒకటిన్నర కేజీతో సరిపెట్టి, నాలుగు చెంబుల నీళ్లు, కాస్త చింతపండు ఎక్కువేస్తే సాంబారు రంగు మారదు, రుచీ పెద్దగా మారదు. మారేది ప్రొటీన్ ఒక్కటే. అది నాలుకకు తెలియదు, తూకానికే తెలుస్తుంది.

న్యూట్రిషన్ డిగ్రీ గురించి మాట్లాడాల్సింది ఇక్కడి నుంచి. మన ఇళ్లలో ఆ చదువు పేరు వచ్చే వరస వేరు: నీట్‌లో ర్యాంకు రాలేదు, అగ్రికల్చర్ బీఎస్సీలో సీటు దొరకలేదు, నర్సింగ్ అమ్మాయికి ఇష్టం లేదు, సరే న్యూట్రిషన్‌లో చేర్పిద్దాం. చేరాక కూడా అది వంటల కోర్సనో, జిమ్ముల్లో డైట్ చార్టులు రాసిచ్చే కోర్సనో అనుకుంటారు. నా లెక్కలో అది తూనికల చదువు. బయోకెమిస్ట్రీ బలంగా ఉన్నవాళ్లకే పట్టుబడే చదువు. దాని అవసరం హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రుల కంటే అమలాపురానికి, నరసాపురానికి, రాజోలుకు ఎక్కువ.

దారులు పాఠకులకు తెలిసినవే. ఇంటర్ బైపీసీ తర్వాత డిగ్రీ కాలేజీల్లో ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్, లేదా గుంటూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయ కాలేజీలో నాలుగేళ్ల కమ్యూనిటీ సైన్స్. పాతవాళ్లు హోమ్ సైన్స్ అన్నది దాన్నే. పీజీకి తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వంటివి. ఆస్పత్రిలో పనిచేయాలంటే పీజీ లేదా పీజీ డిప్లొమా, ఆరు నెలల ఆస్పత్రి ఇంటర్న్‌షిప్, ఆపైన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష. దూరవిద్యలో కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. డైటీషియన్లను, న్యూట్రిషనిస్టులను 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి తెచ్చారు. 2025లో యూజీసీ ఆ చట్టం కిందికి వచ్చే కోర్సులను దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపొద్దని ఆపేసింది. మంచి పనే చేసింది. బరువు తూచడం తెర మీద చూసి నేర్చుకునేది కాదు.

ఇదంతా చాదస్తంలా అనిపించవచ్చు. అందుకే ఒక గిన్నెను దగ్గరగా చూద్దాం. తీవ్రమైన పోషకాహార లోపంతో పునరావాస కేంద్రంలో చేరిన పిల్లలకు మొదటి రోజుల్లో ఇచ్చేది ఎఫ్-75 పాలు. 100 మిల్లీలీటర్లలో 75 కేలరీలు ఉండాలి, దాని పేరులోనే ఆ లెక్క ఉంది. అక్కడికక్కడే తయారు చేసేటప్పుడు ఆవు పాలు 300 మిల్లీలీటర్లు, చక్కెర 100 గ్రాములు, నూనె 20 మిల్లీలీటర్లు, ఖనిజ లవణాల ద్రావణం 20 మిల్లీలీటర్లు కలిపి, మరిగించి చల్లార్చిన నీళ్లు పోస్తూ మొత్తాన్ని ఒక లీటరుకు తేవాలి. తప్పు జరిగేది ఈ చివరి మెట్టు దగ్గరే. “లీటరుకు తేవాలి” అన్నదాన్ని “లీటరు నీళ్లు పోయాలి” అని చదువుకుంటారు. అప్పుడు గిన్నెలో దాదాపు 1400 మిల్లీలీటర్లు తయారవుతుంది, 75 కేలరీలు 55 చుట్టూ పడిపోతాయి. పిల్లవాడు తాగుతున్నాడు, పుస్తకంలో టిక్కు పడుతోంది, బరువు మాత్రం కదలదు. ఇంకో తప్పు దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. “ఎండిపోయాడు పాపం” అని ఇంటివాళ్లు మొదటి రోజే గుడ్లూ మాంసం రసం పట్టించేస్తారు. అంత నీరసించిన కాలేయం, గుండె ఒక్కసారిగా ఆ బరువు మోయలేవు. ముందు ఎఫ్-75, పిల్లవాడు తేరుకుని ఆకలి తిరిగి వచ్చాకే ఎఫ్-100. ఈ వరస ఎందుకో చెప్పగలిగితేనే తల్లి వింటుంది.

ఎత్తు కొలవడంలోనూ ఇంతే. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, రెండేళ్లు దాటితే నిలబెట్టి. చిన్నబిడ్డను నిలబెట్టి కొలిస్తే 0.7 సెంటీమీటరు తక్కువ వస్తుంది. గిడసబారిన పిల్లల జాబితాలోకి ఒక పేరు ఊరికే ఎక్కడానికి ఆ కాస్త చాలు.

కోనసీమలో మరీ ముఖ్యమైనది కొబ్బరి బోండాం. ఒంట్లో బాగోలేదంటే బోండాం కొట్టివ్వడం ఇక్కడి మర్యాద. ఆస్పత్రికి పలకరింపుకెళ్లేవాళ్ల చేతిలో ఉండేదీ అదే. వంద మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక మోస్తరు బోండాంలో 300 మిల్లీలీటర్లుంటే 750 మిల్లీగ్రాములు. రోజంతటికీ 2000 మిల్లీగ్రాముల చుట్టూ ఉంచాల్సిన డయాలసిస్ రోగికి ఒక్క బోండాంతో మూడో వంతుకు పైగా అయిపోయినట్టే. పొటాషియం హద్దు దాటితే ఆగేది గుండె. కంద బచ్చలి కూరా అలాంటిదే. కంద వదులుకోలేనంటే చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోశాకే వండుకోవాలి, అదీ కొద్దిగానే. హైదరాబాద్‌లో అచ్చేసిన డైట్ షీటులో “పండ్ల రసాలు మానండి” అని ఉంటుంది, బోండాం ఉండదు. కందా ఉండదు. డెల్టా ఆస్పత్రికి డెల్టా వంట తెలిసిన డైటీషియన్ కావాలనడం ప్రాంతీయాభిమానం కాదు.

ఉద్యోగాలెక్కడున్నాయి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రైవేటు ఆస్పత్రుల్లో మొదట్లో వచ్చే జీతం తక్కువే. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఏళ్లకోసారి. అదీగాక, మా అమ్మమ్మకు తెలియని పథ్యమా అనేవాళ్లు వీధికి నలుగురు. అమ్మమ్మ పథ్యం మీద నాకు గౌరవమే. అయితే ఆమె కాలంలో డయాలసిస్ లేదు, ఇన్సులిన్ పెన్ను లేదు, ముక్కులోంచి ట్యూబు వేసి ఆహారం పోయడం లేదు. జీతాల సంగతికొస్తే, కమిషన్ మీద ప్రొటీన్ డబ్బాలు అమ్మే బరువు తగ్గించే క్లబ్బులకూ చదువుకున్న డైటీషియన్‌కూ తేడా చెప్పే రిజిస్ట్రేషన్ పక్కాగా అమలయ్యే దాకా అవి పెరగవు.

ఉన్న దారులు మాత్రం జనం అనుకునేదానికంటే ఎక్కువ. హోమ్ సైన్స్ చదివినవాళ్లకు అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్, సీడీపీఓ పోస్టులు ఎప్పటి నుంచో దారి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ కావాలనుకునేవాళ్లు మాత్రం డిగ్రీలో చేరకముందే నోటిఫికేషన్‌లోని అర్హతల పేరా అక్షరం అక్షరం చదవాలి. 2011 నిబంధనల్లో ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వంటి పేర్లున్నాయి కానీ న్యూట్రిషన్ అన్న మాట లేదు. మూడేళ్లు చదివాక ఈ సంగతి తెలుసుకుని తల పట్టుకోవడం ఎందుకు?

ఎవరూ పట్టించుకోని దారి ఇంకొకటుంది, లేబుల్. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెట్టెలో పెట్టి దూరాలకు పంపాలంటే వంద గ్రాములకు కేలరీలు, ప్రొటీన్, పిండిపదార్థం, మొత్తం చక్కెర, కలిపిన చక్కెర, కొవ్వు, సోడియం అన్నీ అచ్చు వేయాలి. నెయ్యి, బెల్లం పాళ్లు బ్యాచ్‌కొక రకంగా ఉంటే ఏ అంకె వేస్తారు? ముందు రెసిపీని గ్రాముల్లో కట్టేయాలి. తర్వాత జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన 528 ఆహారాల పట్టికతో లెక్కగట్టి, ల్యాబ్ రిపోర్టుతో సరిచూడాలి. అంబాజీపేట కొబ్బరి సరుకుకూ, పచ్చళ్లకూ ఇదే పని. రొయ్యల ఎగుమతి ప్లాంట్లలో హ్యాసప్ అనే ఆహార భద్రతా పద్ధతి రికార్డులు, మేత కంపెనీల ల్యాబుల్లో ప్రొటీన్ పరీక్షలు కూడా ఈ చదువుకు దగ్గరివే. కెల్డాల్ పద్ధతిలో నైట్రోజన్ కనుక్కుని, ప్రొటీన్ ఎంతో తేల్చడానికి దాన్ని మేతకైతే 6.25తో హెచ్చిస్తారు, బియ్యానికైతే 5.95తో. ఆ రెండంకెలు ఎందుకు వేరో చెప్పగలిగిన అమ్మాయికి ఏ ల్యాబైనా తలుపు తీస్తుంది.

కాబట్టి కాలేజీ ఎంచుకునేటప్పుడు హాస్టల్ ఫీజుతో పాటు ఇంకొన్ని అడగండి. గ్రాము వరకు చూపించే తూకం ఎన్ని బల్లల మీద ఉంది? కెల్డాల్ యూనిట్ నడుస్తోందా, గుడ్డ కప్పి ఉందా? పచ్చి బియ్యం, వండిన అన్నం తేడా మొదటి ఏడాదే చేతులతో చేయిస్తున్నారా? వంద గ్రాముల బియ్యం వండితే రెండున్నర రెట్ల నుంచి మూడు రెట్ల బరువు తూగుతుంది. రోగి తిన్నది 300 గ్రాముల అన్నమైతే దాన్ని పచ్చి బియ్యం గడిలో రాసేసిన విద్యార్థి ఆరేడు వందల కేలరీలు తేరగా తినిపించినట్టే. ఈ పొరపాటు పీజీ ప్రాజెక్టుల్లో కూడా దొరుకుతుంది.

అసలు ఈ వరి గురించే నాకు డెల్టా మీద పెద్ద ఫిర్యాదు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ నేలను ఎన్ని బస్తాలు పండించిందన్న లెక్కతోనే చూస్తున్నాం. పండించినది ఒంట్లో ఏం చేస్తుందో చూసింది బయటివాళ్లే. బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టి తినే ఉత్తర సర్కారు జిల్లాలు బీ1 విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరికి పేరుపడ్డాయి, వాటిలో గోదావరి ఒకటి. ఆ జబ్బు మీద పరిశోధనకు 1918లో కూనూరులో మొదలైన చిన్న ల్యాబే తర్వాత హైదరాబాద్‌కు వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని అమెరికాలో నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది భీమవరంలోనే. ఆమధ్య అదే ఫోలిక్ యాసిడ్‌తో, ఇనుముతో, బీ12తో చేసిన గింజలను వందకు ఒకటి చొప్పున రేషన్ బియ్యంలో కలిపితే, నీళ్లలో తేలుతున్నాయి, ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేశాం. బియ్యప్పిండినే మళ్లీ గింజగా ఒత్తి చేసినవని ఇంటి గడప దాకా వచ్చి చెప్పే మనిషి లేకపోయారు.

మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, దేశమంతా పాకింది. 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 235 రకాల బియ్యం గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె చూస్తే అది 48 నుంచి 92 దాకా ఉంది, స్వర్ణ తక్కువ వైపున నిలిచింది. షుగర్ రోగి ఇంటింటికీ ఉన్న డెల్టాలో ఈ మాట ఊరూరా తెలియాలి. మనమేమో సన్నబియ్యం మోజులో స్వర్ణను దొడ్డుబియ్యమని పక్కకు నెట్టాం. అలాగని స్వర్ణ అన్నం గుట్టలా పెట్టుకోమని కాదు. పాలిష్ ఎంత పట్టారు, గంజి వార్చారా అత్తెసరు పెట్టారా, వేడిగా తిన్నారా చద్దిగానా అన్నదాన్ని బట్టి ఆ అంకె మారుతుంది. ఎంత మారుతుందో మన వంటకు మనమే చూసుకోవాలి.

అదేమీ కోట్ల ప్రాజెక్టు కాదు. 50 గ్రాముల పిండిపదార్థం వచ్చేలా తూచిన అన్నం, ఆరోగ్యంగా ఉన్న పది మంది మనుషులు, రాత్రి ఉపవాసం. తిన్నాక మొదటి గంటలో పావుగంటకోసారి, రెండో గంటలో అరగంటకోసారి రక్తపరీక్ష. వేరే రోజు అదే మనుషులకు గ్లూకోజు ఇచ్చి పోల్చడం. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని ఒక సెమిస్టర్‌లో చేయగల పని. స్వర్ణ, ఇంద్ర, అమర అన్నీ మార్టేరు వంగడాలే, విత్తనం ఇంటి పక్కనే ఉంది. గోదావరి జిల్లాల కాలేజీల్లో ఏదో ఒకటి ఈ ఏడాది సార్వా బియ్యంతోనే మొదలుపెట్టవచ్చు.